పాత గేమింగ్ పీసీలో కార్డు మార్చాలా, కంప్యూటరే మార్చాలా?

క్లుప్తంగా: పాత గేమింగ్ కంప్యూటర్‌ను అప్‌గ్రేడ్ చేయడం లాభమా, కొత్తది కొనడం లాభమా అన్నది దాని వయసుతో తేలదు. లోపలున్న మదర్‌బోర్డు ఇంకా ఎంత కొత్త ప్రాసెసర్‌ను అందుకోగలదన్న దానితో తేలుతుంది. ఒకే ఏడాది కొన్న రెండు కంప్యూటర్లలో ఒకటి చిన్న ఖర్చుతో కొన్నేళ్లు నెట్టుకురావచ్చు, రెండోదాని మీద పెట్టిన డబ్బు వృథా కావచ్చు. 2025 చివర్లో ర్యామ్ ధరలు ఎగబాకడంతో ఈ లెక్క డీడీఆర్4 (పాత తరం ర్యామ్) వాడే యంత్రాల వైపు మరికొంత మొగ్గింది.

విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. అదే నెలతో జీటీఎక్స్ 900, 1000 శ్రేణి గ్రాఫిక్స్ కార్డులకు కొత్త గేమ్‌ల కోసం విడుదల చేసే డ్రైవర్లకు ఎన్విడియా స్వస్తి చెప్పింది. ఇకపై 2028 అక్టోబర్ దాకా మూడు నెలలకోసారి భద్రతా అప్‌డేట్లే వస్తాయి. ఏడాది పూర్తయ్యేలోపు ర్యామ్ ధర రెట్టింపును దాటింది. 2016–2019 మధ్య కంప్యూటర్ అసెంబుల్ చేయించుకున్నవాళ్లకు ఈ మూడు దెబ్బలూ దాదాపు ఒకేసారి తగిలాయి. మొదటి రెండూ కొత్తది కొనమని తొందర పెడుతుంటే, మూడోది కొన్నాళ్లు ఆగమంటోంది.

పాతబడింది కంప్యూటరా, గేమా?

ఏళ్లు గడిచినంత మాత్రాన చిప్ వేగం తగ్గదు. 2018లో ఒక గేమ్‌ను సెకనుకు 60 ఫ్రేములతో ఆడించిన యంత్రం, దుమ్మూ వేడీ అదుపులో ఉంటే, ఈరోజూ దాన్ని అలాగే ఆడిస్తుంది. మారింది గేమ్‌లే. అవి కూడా ఏటా కొంచెం కొంచెంగా కాకుండా, మెట్లు మెట్లుగా బరువెక్కాయి. ఆ మెట్లను చాలావరకు నిర్ణయించేది టీవీకి తగిలించుకుని ఆడే కన్సోళ్లు.

2013లో వచ్చిన ప్లేస్టేషన్ 4లో ప్రాసెసర్ చాలా బలహీనమైనది. పెద్ద గేమ్‌లన్నీ దాని మీద నడవాల్సి వచ్చినంత కాలం, పీసీలో నాలుగు కోర్ల ప్రాసెసర్, మామూలు హార్డ్ డిస్క్ ఉన్నా బండి నడిచిపోయింది. 2020 నవంబర్‌లో ప్లేస్టేషన్ 5, ఎక్స్‌బాక్స్ సిరీస్ ఎక్స్ ఎనిమిది జెన్ 2 (ఏఎండీ ప్రాసెసర్ల ఒక తరం) కోర్లతో, ఎస్‌ఎస్‌డీతో వచ్చాయి. తయారీదారులు పాత కన్సోళ్లను వదిలేయడానికి రెండు మూడేళ్లు పట్టింది. అందుకే 2023 ప్రాంతంలో పీసీ గేమ్‌ల కనీస అవసరాలు ఒక్కసారిగా పైకి లేచాయి. ఆ ఏడాది వచ్చిన స్టార్‌ఫీల్డ్ ఎస్‌ఎస్‌డీ తప్పనిసరి అంది. 2024 డిసెంబర్‌లో ఇండియానా జోన్స్ గేమ్, 2025 మేలో డూమ్: ది డార్క్ ఏజెస్ రే ట్రేసింగ్ (కాంతి దారిని లెక్కగట్టి బొమ్మ గీసే పద్ధతి) హార్డ్‌వేర్ ఉన్న కార్డునే అడిగాయి. గేమ్‌ల ఆన్‌లైన్ దుకాణం స్టీమ్ చేసే సర్వేలో ఏళ్ల తరబడి అగ్రస్థానంలో నిలిచిన జీటీఎక్స్ 1060కి ఆ హార్డ్‌వేరే లేదు.

వాలరెంట్, కౌంటర్ స్ట్రైక్ 2 లాంటి ఆన్‌లైన్ పోటీ గేమ్‌లు మాత్రమే ఆడేవాళ్లకు ఈ మెట్లతో పెద్దగా పని లేదు. అక్కడి సమస్యలు వేరు. వాటిలో ముఖ్యమైనది యాంటీ చీట్, అంటే ఆటలో మోసాన్ని పట్టే సాఫ్ట్‌వేర్.

ఫ్రేము ఎక్కడ ఆగుతోంది

ఏ భాగం మార్చాలో తేల్చడానికి ముందు ఒక్క ఫ్రేము ఎలా తయారవుతుందో చూడాలి. ప్రాసెసర్ ఆ క్షణంలో ఎవరెక్కడ ఉన్నారో, ఏం గీయాలో లెక్కగట్టి ఆదేశాలు పంపుతుంది. గ్రాఫిక్స్ కార్డు వాటిని బొమ్మగా గీస్తుంది. కార్డు ఒక ఫ్రేము గీస్తుండగానే ప్రాసెసర్ తర్వాతిదాన్ని సిద్ధం చేస్తుంటుంది. ఇద్దరిలో ఎవరికి ఎక్కువ సమయం పడితే వాళ్ల వేగమే మొత్తం వేగం. ప్రాసెసర్‌కు 12 మిల్లీసెకన్లు, కార్డుకు 22 మిల్లీసెకన్లు పడుతున్నాయనుకుంటే, సెకనుకు 45 ఫ్రేములు వస్తాయి. కార్డు మార్చి 22ను 11కు తెస్తే 90 రావాలి, కానీ ప్రాసెసర్ 12 దగ్గరే ఉంది కాబట్టి 83 దగ్గర ఆగుతాయి. ఇంకా డబ్బు పోసి 5 మిల్లీసెకన్లలో గీసే కార్డు పెట్టినా 83 దాటవు.

‘ఇంత పెద్ద కార్డు వేశాను, తేడా కనిపించలేదు’ అన్న ఫిర్యాదుకు చాలాసార్లు మూలం ఇదే. దీన్ని కొనకముందే పరీక్షించుకోవచ్చు. గేమ్ సెట్టింగ్‌లలో రిజల్యూషన్‌ను బాగా తగ్గించి చూస్తే, ఫ్రేములు పెరిగాయంటే అడ్డు గ్రాఫిక్స్ కార్డుది. పెద్దగా కదల్లేదంటే ప్రాసెసర్‌ది, లేదా ర్యామ్‌ది. సగటు ఫ్రేముల సంఖ్య కంటే మధ్య మధ్యలో వచ్చే కుదుపుల్ని గమనించడం ఇంకా మేలు. నాలుగు కోర్లూ నాలుగే థ్రెడ్‌లూ (ఒకేసారి నడిపే పనుల వరసలు) ఉన్న ఐ5-7400 లాంటి చిప్‌లలో సగటు బాగానే కనిపిస్తుంది. జనం గుమిగూడిన వీధిలోకి పాత్ర అడుగుపెట్టగానే బొమ్మ గింజుకుంటుంది.

ఖర్చు లేకుండానో, తక్కువ ఖర్చుతోనో తీరే అడ్డంకులూ ఉన్నాయి. ఒకే ఒక్క 8 జీబీ ర్యామ్ స్టిక్‌తో నడుస్తున్న కంప్యూటర్లు మన దగ్గర లెక్కలేనన్ని. మెమరీకి ఉన్న రెండు దారుల్లో ఒకటే వాడుతున్నందువల్ల ప్రాసెసర్ ఊరికే ఎదురుచూస్తుంటుంది. రెండో స్టిక్ చేర్చి, బయాస్‌లో (కంప్యూటర్ ఆన్ కాగానే నడిచే బోర్డు సొంత ప్రోగ్రామ్) ఎక్స్‌ఎంపీ, అంటే ర్యామ్‌ను దాని పూర్తి వేగంతో నడిపే సెట్టింగ్, ఆన్ చేస్తే ప్రాసెసర్ మార్చినంత ఫలితం దక్కిన సందర్భాలున్నాయి.

ఒకే వయసు, రెండు దారులు

2017–2018లో దాదాపు ఒకే ధరకు అసెంబుల్ చేయించిన రెండు కంప్యూటర్లను పక్కపక్కన పెట్టి చూస్తే అసలు తేడా బయటపడుతుంది. ఒకదానిలో బీ450 బోర్డు మీద ఏఎండీ ప్రాసెసర్ రైజెన్ 5 2600. రెండోదానిలో బీ250 బోర్డు మీద ఇంటెల్ ప్రాసెసర్ ఐ5-7400.

మొదటిదానిలో ఉన్నది ఏఎండీ వారి ఏఎమ్4 సాకెట్, అంటే బోర్డు మీద ప్రాసెసర్ కూర్చునే గూడు. 2017లో తొలి రైజెన్‌తో ప్రాచుర్యంలోకి వచ్చిన ఈ సాకెట్ నాలుగు తరాల ప్రాసెసర్లను మోసింది. అదీ సాఫీగా జరగలేదు. 2020లో 400 శ్రేణి బోర్డులకు జెన్ 3 (అప్పటి కొత్త తరం) ప్రాసెసర్లు రావని ఏఎండీ మొదట ప్రకటించింది. వినియోగదారుల నిరసనతో కొద్ది వారాల్లోనే వెనక్కి తగ్గింది. 2022లో 300 శ్రేణి బోర్డులకూ తలుపు తెరిచింది. ఫలితంగా ఆ బీ450 బోర్డు మీదే ఇప్పుడు రైజెన్ 5 5600 కూర్చుంటుంది. 65 వాట్లే తీసుకుంటుంది, పాత ర్యామ్ అలాగే పనికొస్తుంది. 2022 ఏప్రిల్‌లో వచ్చిన రైజెన్ 7 5800ఎక్స్3డీ అయితే 96 ఎంబీ ఎల్3 క్యాష్‌తో (చిప్ లోపలే ఉండే వేగవంతమైన మెమరీ) గేమింగ్‌లో తర్వాతి తరం చిప్‌లతోనే పోటీ పడింది. అది గానీ, దాని చవక తమ్ముడు 5700ఎక్స్3డీ గానీ కొత్త పెట్టెలో దొరకడం 2025 నాటికి అరుదైపోయింది.

రెండో కంప్యూటర్ కథ ఒక్క పేరాలో ముగుస్తుంది. ఇంటెల్ తన 8వ తరం ప్రాసెసర్లకు అదే 1151 పిన్నుల సాకెట్ వాడింది, కానీ 2017 చివర్లో వాటికి కొత్త 300 శ్రేణి బోర్డులే కావాలంది. చిప్ సాకెట్‌లో కూర్చుంటుంది, పనిచేయదు. బీ250 బోర్డుకు ఆఖరి మెట్టు ఐ7-7700కే. నాలుగు కోర్లు, ఎనిమిది థ్రెడ్‌లు. విండోస్ 11 జాబితాలో అదీ లేదు. అలాంటి బోర్డున్న ప్రతివాళ్లూ అదే చిప్ కోసం వెతుకుతారు కాబట్టి సెకండ్ హ్యాండ్‌లో దాని ధర పనితనానికి తగ్గట్టు పడిపోదు. ఆగిపోయిన సాకెట్లన్నిటిలో పైమెట్టు చిప్‌లకు ఈ తీరు కనిపిస్తుంది. బీ360 బోర్డున్నవాళ్లు ఐ7-9700, ఐ9-9900కే కోసం పడే పాట్లూ ఇవే.

కాబట్టి కంప్యూటర్ ఎన్నేళ్లదని అడగడం కంటే బోర్డు పేరేమిటని అడగడం ముందు జరగాలి. ఏఎమ్4 దారిలోనూ జాగ్రత్తలు లేకపోలేదు. పాత ప్రాసెసర్ ఉండగానే బయాస్ అప్‌డేట్ చేయాలి; ముందే చిప్ మారిస్తే తెర నల్లగానే ఉండిపోతుంది. కొన్ని బోర్డుల్లో కొత్త బయాస్ వేశాక పాత చిప్‌లకు మద్దతు పోతుంది. చవక ఏ320 బోర్డుల మీద కరెంటును సర్దుబాటు చేసే భాగం బలహీనంగా ఉంటుంది కాబట్టి 105 వాట్ల చిప్ కంటే 65 వాట్లదే క్షేమం. ఇంకొకటి చాలామందికి తెలియదు: ఏఎండీ చిప్ మార్చగానే టీపీఎం (భద్రతా కీలను దాచే భాగం) రీసెట్ అవుతుంది. డ్రైవ్ విండోస్‌లోని బిట్‌లాకర్‌తో లాక్ అయి ఉంటే రికవరీ కీ అడుగుతుంది. ఆ కీ ఎక్కడా దొరకకపోతే ఫొటోలతో సహా అన్నీ పోవచ్చు.

స్లాట్ ఒకటే, దారి వెడల్పు వేరు

గ్రాఫిక్స్ కార్డు ఏ బోర్డుకైనా సరిపోతుందన్న నమ్మకం సగమే నిజం. స్లాట్ ఆకారం మారలేదు, కానీ మధ్యశ్రేణి కొత్త కార్డులు చాలావరకు 16 లేన్లకు (డేటా నడిచే దారులకు) బదులు 8 లేన్లే వాడుతున్నాయి. ఆ స్లాట్ కొత్త తరాలైన పీసీఐఈ 4.0, 5.0 ఉన్న బోర్డు మీద దానివల్ల ఇబ్బంది లేదు. బీ450, బీ250 లాంటి పీసీఐఈ 3.0 బోర్డు మీద మాత్రం అదే 8 లేన్ల దారి సెకనుకు సుమారు 8 జీబీకి కుంచించుకుపోతుంది. 2023 నాటి ఆర్‌టీఎక్స్ 4060 విషయంలో మామూలు పరిస్థితుల్లో నష్టం కొద్ది శాతమే. 2022లో వచ్చిన ఆర్‌ఎక్స్ 6500 ఎక్స్‌టీ 4 లేన్లతో, 4 జీబీ మెమరీతో వచ్చింది. తక్కువ బడ్జెట్‌వాళ్ల కార్డని అమ్మారు, సరిగ్గా పాత బోర్డుల మీదే అది ఎక్కువ కుంటింది.

లేన్ల సంఖ్య ఎప్పుడు నొప్పి పుట్టిస్తుందన్నది కార్డు మెమరీ మీద ఆధారపడి ఉంటుంది. టెక్స్చర్లన్నీ (గేమ్‌లోని వస్తువుల పైపూత బొమ్మలు) కార్డులోనే పట్టినంతసేపు ఆ దారిలో రద్దీ తక్కువ. 8 జీబీ నిండిపోయిన మరుక్షణం మిగిలింది కంప్యూటర్ ర్యామ్‌లోకి పోయి, ప్రతి ఫ్రేముకూ ఇరుకు దారిలో అటూ ఇటూ తిరగాల్సి వస్తుంది. కొత్త బోర్డు ఈ దెబ్బను కొంత ఓర్చుకుంటుంది, పాతది ఓర్చుకోదు. అందుకే పాత కంప్యూటర్‌కు చిన్న కార్డు చాలన్న మాట ఇక్కడ తిరగబడుతుంది. బోర్డు ఎంత పాతదైతే కార్డులో మెమరీ అంత ఎక్కువ కావాలి. 2025 జూన్‌లో వచ్చిన ఆర్‌ఎక్స్ 9060 ఎక్స్‌టీ 16 జీబీ మోడల్ పూర్తి 16 లేన్లతో వస్తుంది కాబట్టి ఇలాంటి బోర్డులకు నప్పుతుంది. సెకండ్ హ్యాండ్‌లో 2021 నాటి 12 జీబీ ఆర్‌టీఎక్స్ 3060కి ఇంకా గిరాకీ ఉండటానికీ కారణం ఇదే.

ఇంటెల్ వారి గ్రాఫిక్స్ కార్డు ఆర్క్ బీ580 సంగతి వేరు. విడుదలైనప్పటి 249 డాలర్ల ధరకు 12 జీబీ ఆకర్షణీయమే. కానీ దానికి రీసైజబుల్ బార్ (కార్డు మెమరీ మొత్తాన్ని ప్రాసెసర్ ఒకేసారి అందుకునే బోర్డు సదుపాయం) ఉండి తీరాలి. పైగా దాని డ్రైవర్ ప్రాసెసర్ మీద ఎక్కువ భారం వేస్తుందని, పాత చిప్‌లతో ఫ్రేములు బాగా పడిపోతున్నాయని 2025 ఆరంభంలో సమీక్షకులు బయటపెట్టారు. చవక కార్డు అవసరమైనవాళ్ల దగ్గరే పాత ప్రాసెసర్ ఉంటుంది.

సెకండ్ హ్యాండ్ కార్డు కొనేవాళ్లు 2022 సెప్టెంబర్ 15ను గుర్తుంచుకోవాలి. ఆ రోజు ఎథీరియం మైనింగ్ ఆగిపోయింది, అప్పటిదాకా రాత్రింబవళ్లు నడిచిన ఆర్‌టీఎక్స్ 30, ఆర్‌ఎక్స్ 6000 కార్డులు బజారులోకి వచ్చిపడ్డాయి. మైనింగ్ కార్డు అనగానే పారేయాల్సినది కాదు. ఫ్యాన్ల బేరింగ్‌లు, మెమరీ మీది థర్మల్ ప్యాడ్‌లు అరిగి ఉంటాయి; అవి మార్చుకోదగ్గవే. సికింద్రాబాద్ పార్క్ లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్ లాంటి చోట కొనేముందు కార్డును అరగంటసేపు పూర్తి లోడ్ మీద నడిపి చూపించమని అడగడం అమర్యాదేమీ కాదు. అమెరికా నుంచి వచ్చే బంధువుల సూట్‌కేసులో తెప్పించుకునేవాళ్లు వారంటీ ఇక్కడ చెల్లుతుందో లేదో ముందే కనుక్కోవాలి. చాలా కంపెనీలు కొన్న దేశానికే దాన్ని పరిమితం చేస్తాయి.

ర్యామ్ ధర తిప్పిన లెక్క

‘అప్‌గ్రేడ్‌కు ఇంత, కొత్తదానికి అంత’ అని పోల్చేటప్పుడు తరచూ ఒక పొరపాటు జరుగుతుంది. గ్రాఫిక్స్ కార్డు ఖర్చు రెండు వైపులా ఉంటుంది. పాత కంప్యూటర్‌లో వేసినా, కొత్తదానిలో వేసినా దాని ధర అదే. ఎస్‌ఎస్‌డీ, క్యాబినెట్, మానిటర్ కూడా అంతే. నిజంగా తేడా వచ్చేది మూడింటిలోనే: బోర్డు, ప్రాసెసర్, ర్యామ్. ఏఎమ్4 యజమానికి ఆ మూడింటిలో ఒక్క ప్రాసెసర్ చాలు. బీ250 యజమాని మూడూ కొనాలి.

2025 మధ్య వరకు ఆ మూడింటిలో ర్యామే అతి చవక. తర్వాత ఏఐ డేటా సెంటర్ల గిరాకీ దాన్ని తలకిందులు చేసింది. ప్రపంచంలో డీర్యామ్ (ర్యామ్‌లో ఉండే మెమరీ చిప్) తయారీ ప్రధానంగా శామ్‌సంగ్, ఎస్‌కే హైనిక్స్, మైక్రాన్ చేతుల్లో ఉంది. ఏఐ చిప్‌ల పక్కన పేర్చే హెచ్‌బీఎం మెమరీకి, అంతే సామర్థ్యమున్న కొత్త తరం ర్యామ్ డీడీఆర్5తో పోలిస్తే దాదాపు మూడు రెట్లు వేఫర్ (చిప్‌లు తయారయ్యే సిలికాన్ పలక) కావాలి. లాభమూ అందులోనే ఎక్కువ. ఉన్న కర్మాగారాలు అటు మళ్లితే మామూలు ర్యామ్‌కు మిగిలేది తగ్గుతుంది, కొత్త కర్మాగారం కట్టడానికి ఏళ్లు పడుతుంది. 2025 డిసెంబర్ 3న మైక్రాన్ తన క్రూషియల్ బ్రాండ్‌తో ర్యామ్, ఎస్‌ఎస్‌డీల చిల్లర అమ్మకాల నుంచే తప్పుకుంటున్నట్టు ప్రకటించింది.

డీడీఆర్4 ధరలూ పెరిగాయి. తయారీదారులు దాని ఉత్పత్తిని తగ్గించుకుంటూ వచ్చారు. తేడా ఏమిటంటే, పాత కంప్యూటర్ యజమాని దగ్గర అది ఇప్పటికే ఉంది. ఏఎండీ కొత్త సాకెట్ ఏఎమ్5లోకి గానీ, ఇంటెల్ 1851 సాకెట్‌లోకి గానీ వెళ్లాలంటే డీడీఆర్5 కొని తీరాల్సిందే, పాత స్టిక్కులు అక్కడ పనికిరావు. మధ్యేమార్గం ఒకటుంది: 2021 చివర్లో మొదలైన ఇంటెల్ 1700 సాకెట్‌కు డీడీఆర్4 తీసుకునే బోర్డులూ ఉన్నాయి. బీ250 యజమాని అలాంటి బోర్డు మీద ఐ5-12400 పెట్టుకుంటే పాత ర్యామ్‌ను నిలుపుకోవచ్చు. భవిష్యత్తు లేని సాకెట్ అని దాన్ని కొట్టిపారేసేవాళ్లున్నారు. ర్యామ్ ధర ఇలా ఉన్నప్పుడు ఆ వాదనకు బలం తగ్గుతుంది.

విండోస్ 11, టీపీఎం, యాంటీ చీట్

విండోస్ 11 అధికారికంగా ఇంటెల్ 8వ తరం, రైజెన్ 2000 నుంచి మొదలవుతుంది. కాబట్టి రైజెన్ 5 2600 గట్టెక్కింది, ఏడాది ముందు వచ్చిన 1600 మునిగింది. ఏఎమ్4లో చిప్ మార్చడంతో ఈ సమస్యా తీరిపోతుంది. 7వ తరం ఇంటెల్‌కు ఆ దారి లేదు. విండోస్ 10కు వ్యక్తిగత వినియోగదారులకిచ్చే పొడిగింపు భద్రతా అప్‌డేట్ల గడువు 2026 అక్టోబర్ 13.

గేమర్లకు దీనికంటే ముందు తగిలేది యాంటీ చీట్. విండోస్ 11 మీద వాలరెంట్ టీపీఎం 2.0, సెక్యూర్ బూట్ (నమ్మదగిన సాఫ్ట్‌వేర్‌తోనే కంప్యూటర్ మొదలయ్యేలా చూసే సెట్టింగ్) అడుగుతుంది. 2025లో బ్యాటిల్‌ఫీల్డ్ 6 సెక్యూర్ బూట్ లేకపోతే తెరుచుకోనంది. చాలా బోర్డుల్లో ఇవి ఉన్నా బయాస్‌లో ఆఫ్ అయి ఉంటాయి. పాత పద్ధతిలో, అంటే ఎంబీఆర్ డిస్క్ మీద విండోస్ వేయించుకున్నవాళ్లు ముందు డిస్క్‌ను జీపీటీ అనే కొత్త పద్ధతికి మార్చాలి. మార్చకుండా సెట్టింగ్ తిప్పితే కంప్యూటర్ బూట్ కాదు.

ఎస్‌ఎంపీఎస్, వేడి, యూపీఎస్

ఏడెనిమిదేళ్ల యంత్రంలో నిజంగా అరిగిపోయేది ఎస్‌ఎంపీఎస్, అంటే భాగాలన్నిటికీ కరెంటు అందించే పెట్టె. దాని కెపాసిటర్లు వేడికి ఎండిపోతాయి. కొత్త కార్డులు క్షణకాలం తమ రేటింగ్‌కు మించి కరెంటు లాగుతాయి. ఆ కుదుపుకు పాత ఎస్‌ఎంపీఎస్ ఆగిపోతే గేమ్ మధ్యలో కంప్యూటర్ రీస్టార్ట్ అవుతుంది, నింద కార్డు మీద పడుతుంది. కార్డుకు కరెంటిచ్చే 8 పిన్నుల కేబుల్ లేదని, హార్డ్ డిస్క్‌కిచ్చే సాటా కేబుల్‌కు అడాప్టర్ తగిలించి సర్దడం ఇంకా ప్రమాదం. సాటా కనెక్టర్ 12 వోల్టుల వైపు మోయగలిగేది 54 వాట్లు, 8 పిన్నుల సాకెట్ అడగగలిగేది 150.

ఇళ్లలో ఎక్కువగా కనిపించే 600 వీఏ యూపీఎస్ అసలు సామర్థ్యం సుమారు 360 వాట్లు. 115 వాట్ల ఆర్‌టీఎక్స్ 4060, 65 వాట్ల ప్రాసెసర్, మానిటర్ దాని మీద నడుస్తాయి. 220 వాట్ల ఆర్‌టీఎక్స్ 3070 సెకండ్ హ్యాండ్‌లో చవకగా వచ్చిందని పెడితే, కరెంటు పోయిన క్షణంలో యూపీఎస్ చేతులెత్తేయొచ్చు. ఆ ఖర్చునూ అప్‌గ్రేడ్ లెక్కలోనే వేయాలి.

విదేశీ సమీక్షల్లోని ఉష్ణోగ్రతలు ఏసీ గదుల్లో కొలిచినవి. గది 22 డిగ్రీలుంటే 75 దగ్గర ఆగే కార్డు, రామగుండంలోనో రెంటచింతలలోనో మే నెల మధ్యాహ్నం 38 డిగ్రీల గదిలో 90ని తాకుతుంది. చిప్ తనను తాను కాపాడుకోవడానికి వేగం తగ్గించుకుంటుంది. థర్మల్ పేస్ట్ మార్చడం, ముందువైపు మూసుకుపోయిన క్యాబినెట్‌కు ఒక ఫ్యాన్ అదనంగా పెట్టడం కొన్ని వందల నుంచి వెయ్యి రూపాయల్లో అయిపోయే పనులు. కార్డుకు ముందు ఇవి జరగాలి.

ఆఫీసుల నుంచి వేలంలో వచ్చే బ్రాండెడ్ డెస్క్‌టాప్‌లది ప్రత్యేక సమస్య. వాటిలో చాలావాటి ఎస్‌ఎంపీఎస్, బోర్డు ఆ కంపెనీ సొంత ఆకారంలో ఉంటాయి, బయటివి పట్టవు. అలాంటి వాటికి విడిగా కరెంటు కేబుల్ అక్కర్లేని 70 వాట్ల ఆర్‌టీఎక్స్ 3050 6 జీబీ దాకా వెళ్లి ఆగిపోవడమే ఉత్తమం.

కొత్తది కొనడమే మేలైన చోట

బోర్డు ఆగిపోయి, ర్యామ్ 8 జీబీయే ఉండి, ఎస్‌ఎంపీఎస్ పేరు తెలియని కంపెనీదైతే అప్‌గ్రేడ్ అన్న మాటకు అర్థం ఉండదు. అన్నీ మార్చాక మిగిలేది క్యాబినెట్. 1440పీ రిజల్యూషన్‌లో 144 ఫ్రేములు కోరుకునేవాళ్లకు ఫ్రేముకు 7 మిల్లీసెకన్లే గడువు. దాన్ని అందుకోవడానికి రైజెన్ 5 5600 చాలా గేమ్‌లలో తడబడుతుంది. వీడియో ఎడిటింగ్‌తో సంపాదించేవాళ్లకు పాత ప్రాసెసర్ వృథా చేసే గంటలకు విలువ ఉంది. ఈ సందర్భాల్లో ఏఎమ్5 వైపు వెళ్లడమే లెక్క. ఆ సాకెట్‌కు 2027 దాకానైనా మద్దతిస్తామని ఏఎండీ చెప్పింది కాబట్టి తర్వాత ప్రాసెసర్ ఒక్కటే మార్చుకునే వీలు ఉంటుంది.

అలా వెళ్లాలనుకున్నా అంతా ఒకేరోజు కొనక్కర్లేదు. గ్రాఫిక్స్ కార్డు, మంచి ఎస్‌ఎంపీఎస్, ఎన్‌వీఎంఈ (పీసీఐఈ దారిలో నడిచే వేగవంతమైన రకం) ఎస్‌ఎస్‌డీ ముందుగా కొంటే ఇప్పుడున్న పాత యంత్రంలోనూ పనిచేస్తాయి, రేపటి కొత్తదానిలోకీ వెళ్తాయి. బోర్డులో దాన్ని అమర్చే ఎం.2 స్లాట్ లేకపోతే మాత్రం ఎస్‌ఎస్‌డీకి చిన్న పీసీఐఈ అడాప్టర్ కావాలి. ఏఎమ్4 కూలర్లు చాలావరకు ఏఎమ్5కూ సరిపోతాయి. బోర్డు, ప్రాసెసర్, డీడీఆర్5 మూడింటినీ ర్యామ్ ధర దిగాక ఒకేసారి తీసుకోవచ్చు. అప్పటికి పాత డీడీఆర్4 స్టిక్కులను సెకండ్ హ్యాండ్‌లో అమ్మితే ఎంతో కొంత తిరిగొస్తుంది. విండోస్ లైసెన్స్ మాత్రం పాత బోర్డుతో ముడిపడి ఉంటుంది. రిటైల్ కాపీ అయితే కొత్త బోర్డుకు మార్చుకోవచ్చు, కంప్యూటర్‌తో పాటు వచ్చిన ఓఈఎం కాపీ అయితే మళ్లీ కొనాల్సి వస్తుంది.